ఊలాంగ్‌కి నేను పెట్టిన నిప్పు

ఎనభైల మొదట్లో దుబాయ్‌లోని డేరా పేటలో చైనా టీ గురించి అధికారంగా మాట్లాడగలిగినవాళ్ళు ఇద్దరే ఉండేవారు. ఒకరు మా ముదీర్. రెండోవాణ్ణి నేను. ముదీర్ పుట్టుకతోనే చైనావాడు కాబట్టి ఆయన్ని పక్కన పెడితే మిగిలింది నేనొక్కణ్ణే. ఈ మాట ఎన్ని పెళ్ళిపందిళ్ళలో చెప్పానో! ఎవరూ కాదనలేదు. కాదనాలంటే వాళ్ళకీ కొంచెం తెలిసుండాలి కదా.

క్రీక్ ఒడ్డున అబ్రా పడవలు ఆగేచోటుకి రెండు సందుల వెనక మా ముదీర్‌కి ఒక చైనా రెస్టారెంట్ ఉండేది. యజమానిని అక్కడ ముదీర్ అనేవాళ్ళం. అందులో టీ విభాగం మొత్తం నా చేతిలో ఉండేది. విభాగం అంటే, దాచడమెందుకు, ఒక సింకు. కప్పులూ మూతలూ వచ్చేవి, తోమి బోర్లించేవాణ్ణి. ప్లేట్లు కూడా వచ్చేవి. ప్లేట్లే ఎక్కువ వచ్చేవి.

మధ్యాహ్నం భోజనాలవాళ్ళు వెళ్ళిపోయి రాత్రివాళ్ళు ఇంకా రాని వేళలో ముదీర్ మూల బల్ల దగ్గర చేరేవాడు. ముందు ఒక మూత ఉన్న పింగాణీ గిన్నె, మన కుంకుమ భరిణెలంత కప్పులు నాలుగు. ఒక రేకుడబ్బాలోంచి చిటికెడు ఆకు తీసి ఆ మూతలో వేసేవాడు. టంగుమని మోగేది. ఆకు మోగడమేమిటని మొదటిరోజు నేను తోముతున్న ప్లేటు వదిలేసి తొంగిచూశాను. చూస్తే అవి ఆకులు కావు, నల్లపచ్చటి గోళీలు. మిరియాలకన్నా పెద్దవి, శనగలకన్నా వంకర.

"ఆవ్, బైఠో," అన్నాడు ముదీర్. ఆయన హిందీ దుబాయ్‌లో నేర్చిన హిందీ, నాదీ అంతే. అందుకే మా ఇద్దరికీ ఇబ్బంది లేకపోయింది.

దాని పేరు తియెగ్వాన్‌యిన్ అన్నాడు. చైనాలో ఫూజియాన్ అనే చోట, ఆన్‌షీ కొండల్లో పండుతుందట. గ్వాన్‌యిన్ అంటే వాళ్ళ కరుణామయి అయిన అమ్మవారు, తియె అంటే ఇనుము. ఇనుములాంటి బరువూ రంగూ ఉన్న ఆకు, అమ్మవారి ప్రసాదం. ఊలాంగుల్లో మహారాణి. వేడినీళ్ళు పోసి, ఆ మొదటి నీళ్ళు కప్పులమీద ఒంపేసి, మళ్ళీ పోసి, నాకో కప్పు ఇచ్చాడు.

తాగాను. గొప్పగా చెప్పాలంటే, ఆ క్షణంలోనే నాకు జ్ఞానోదయం అయింది. నిజం చెప్పాలంటే, ఇవి కప్పులు కడిగిన నీళ్ళేమోనని అనుమానమొచ్చింది. పాల్లేవు, పంచదార లేదు. కాస్త వగరు. మర్యాదకి "బహుత్ అచ్ఛా" అన్నాను. ముదీర్ నవ్వలేదు. "ఠహరో. టీ అభీ ఆయా నహీ," అన్నాడు. ఆగు, టీ ఇంకా రాలేదు అని.

తాగేశాక ఇంకెక్కణ్ణుంచి వస్తుంది! అనుకుంటూ సింకు దగ్గరికి వచ్చి రెండు ప్లేట్లు తోమానో లేదో, నాలుక వెనకాలనుంచి ఒక తీపి మెల్లగా పైకి లేచింది. చిన్నప్పుడు ఉసిరికాయ కొరికి కుండలో నీళ్ళు తాగితే నీళ్ళకి తీపెలా వచ్చేదో, అచ్చం అలా. దానివెంట గొంతులో ఒక పువ్వు వాసన. గిన్నెకి అంటుకున్న వాసన కాదు, లోపల్నుంచి వస్తున్నది. నేను సబ్బు చేతులతోనే తిరిగి వెళ్ళి, "వచ్చింది!" అన్నాను తెలుగులో. ఆయనకి అర్థమైంది.

ఆ తరవాత ఆయన రోజూ కొంచెం కొంచెం చెప్పాడు. పచ్చ టీ అంటే ఆకుని పచ్చిగా ఉండగానే వేడికి ఆపేసింది. మనం తాగే నల్ల టీ పూర్తిగా పండనిచ్చింది. ఊలాంగ్ ఈ రెంటి మధ్యలో ఉంటుంది. కోసిన ఆకుని ఎండలో వాడ్చి, వెదురు జల్లెళ్ళలో కుదుపుతారట. అంచులు ఒకదానికొకటి రాసుకుని కమిలి ఎర్రబడతాయి, నడుమ పచ్చగానే ఉండిపోతుంది. సరిగ్గా వాసన విచ్చుకున్న గడియలో బాణలి వేడి తగిలించి ఆపుతారు. గుడ్డలో మూటగట్టి మెలిపెట్టి మెలిపెట్టి గోళీలు చేస్తారు. చివర బొగ్గుల సెగ. తాగేశాక ఆయన ఒక ఆకుని తెల్లప్లేటులో విప్పి పరిచాడు. ఎర్ర అంచు పచ్చ చీర ఆరేసినట్టుంది. "ఒకే ఆకు. ఏడుసార్లు నీళ్ళు పోసినా ప్రతిసారీ వేరే మాట చెబుతుంది," అన్నాడు.

ఓసారి చిటికెడు ఆకు అడిగి రూముకి పట్టుకెళ్ళాను. మా రూములో కరీంనగర్ వైపు నుంచి వచ్చిన తమ్ముడొకడు ఉండేవాడు. పక్కవీధి కబాబుల హోటల్లో బొగ్గుల పొయ్యి దగ్గర పని.

"గిదేందన్నా, వేన్నీళ్ళు వోసినవ్? షక్కర్ ఏది?"

"పంచదార వెయ్యకూడదోయ్. ఆగు, టీ ఇంకా రాలేదు."

"తాగినంక గూడ రాలేదా? మా కఫీల్ సేటు ఇచ్చే జీతం లెక్క ఉందిగదా నీ చాయ్!"

ఇంకో రెండు కప్పులయ్యాక వాడు గొంతు పట్టుకుని చూసుకున్నాడు కానీ ఒప్పుకోలేదు.

అసలు కథ ఇప్పుడు. ముదీర్‌కి ఒక్కడే కొడుకు. వాడికి హాంకాంగ్‌లో ఒక పిల్లని అనుకున్నారు. పిల్లకి తాతే పెద్దదిక్కు. ఆ తాత హాంకాంగ్‌లో పాతకాలపు టీ అంగడివాడు. మనవరాల్ని ఎడారికి పంపడం ఆయనకి బొత్తిగా ఇష్టం లేదు. "టీ అంటే తెలియని చోట నా పిల్ల ఎలా బతుకుతుంది?" అన్నాడట. మా ముదీర్‌కి రోషమొచ్చి, మేము ఆన్‌షీ వాళ్ళం, తోటలున్న వంశం, ఇక్కడ మా ఇంట్లో టీ అక్కడి కన్నా బాగుంటుంది అని కబురు పెట్టాడు. దానికి జవాబుగా ఆయన తన చేత్తో ఎంచిన తియెగ్వాన్‌యిన్ ఒక పెద్ద డబ్బా పంపాడు. ఎండలు తగ్గాక నేనూ మనవరాలూ వస్తాం, ఇదే టీ మీ ఇంట్లో తాగుతాం అని మాట. మనకి పెళ్ళిచూపుల్లో పిల్లకి పాట వచ్చా అని అడుగుతారు. వాళ్ళు మగపిల్లాడి ఇంట్లో ఆకు ఎలా ఉందని అడుగుతారన్నమాట.

ముదీర్ ఆ డబ్బాని ప్రాణంలా చూసుకున్నాడు. చూసుకోవడంలోనే పొరపాటు జరిగింది. ఆగస్టు ఎండకి పాడవుతుందని మాంసం, చేపలు పెట్టే చల్లగదిలో పై అరలో పెట్టాడు. వచ్చిన స్నేహితులకి గర్వంగా చూపించడానికి ప్రతి శుక్రవారం ఆ చల్లటి డబ్బాని తీసుకొచ్చి, క్రీక్ ఉక్కలో మూత తెరిచేవాడు. అక్కడి ఆగస్టు మీకు తెలియకపోతే చెబుతాను. చల్లటి గ్లాసు బయటపెడితే చెమటలు కారుతుంది. ఆ చెమటే ప్రతి శుక్రవారం డబ్బాలో ఆకుకి పట్టింది.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం చిటికెడు మూతలో వేశాడు. మోగలేదు. తడి శనగలు పడ్డట్టు చప్పుడు లేకుండా పడింది. మూత ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నాకిచ్చాడు. పువ్వు లేదు, తడిసిన గోనెసంచి వాసన.

"పూరా ఖలాస్," అన్నాడు ముదీర్. ఆ పెద్దమనిషి రావడానికి మిగిలింది మూడు వారాలు. వేరే టీ తెప్పించి పోస్తే సరిపోదా అని మీకు అనిపిస్తుంది. తన చేత్తో ఎంచిన ఆకుని ఆయన గుర్తుపట్టడా? మొదటి కప్పుకే మనవరాలి చెయ్యి పట్టుకుని లేచి వెళ్ళిపోతాడు.

ఇక్కడ నేను నోరు జారాను. "ముదీర్, బాధపడకండి. మా దేశంలో నేను పొగాకు బ్యారన్ మేస్త్రీని. ఆకుకి నిప్పు చూపించడం నా వృత్తి," అన్నాను.

మా ఊరు కొయ్యలగూడెం వైపు. వర్జీనియా పొగాకు పచ్చి ఆకుని కర్రలకి గుచ్చి బ్యారన్ అనే ఎత్తయిన గదిలో వేలాడదీసి, కట్టెల వేడిని గొట్టాల్లోంచి పంపి, రోజుల తరబడి ఆకుని పండిస్తారు, ఆరబెడతారు. ఆ పనికి మేస్త్రీ అంటే ఊళ్ళో మర్యాద వేరు. నేనా మర్యాద ముదీర్ ముందు వాడుకున్నాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఇక వెనక్కి తగ్గడం ఎలా?

ఆన్‌షీలో సెగ పెట్టడానికి నడుము సన్నగా ఉన్న వెదురు బుట్ట వాడతారని, అడుగున బూడిద కప్పిన బొగ్గులు, నడుమ దగ్గర జల్లెడలో ఆకు ఉంటాయని ముదీర్ చేతులతో గాల్లో బొమ్మ గీశాడు. దుబాయ్‌లో అలాంటి బుట్ట ఎక్కడ దొరుకుతుంది? ఆయన గీస్తున్న ఆ సన్ననడుము చూస్తుంటే నాకు ఎక్కడో తగిలింది. మర్నాడు ఒక పఠాన్ కొట్టుకి వెళ్ళి, రెల్లుతో అల్లిన మోడా కొన్నాను. అదే, కూర్చునే గుండ్రటి పీట, పైనా కిందా వెడల్పు, మధ్యలో సన్నం. కొట్టువాడు "కూర్చుని చూడు" అంటే నేను తిరగేసి లోపలికి తొంగిచూశాను. వాడు నన్ను అదోలా చూశాడు. పైన తాడు అల్లిన పీట కోసేసి, నడుము దగ్గర కొత్త వెదురు జల్లెడ ఇరికించాను. ముదీర్ చుట్టూ తిరిగి చూసి, "పర్‌ఫెక్ట్!" అన్నాడు. ఇంగ్లీషులో అన్నాడంటే మాటలా!

బొగ్గులు మా కరీంనగర్ తమ్ముడు తెచ్చాడు.

"పొగ రాని బొగ్గే తెచ్చిన అన్నా. కబాబులకైతే గిట్ల ఏరం. లగ్గం పని అన్నవ్ గాబట్టి ఏరిన."

"నీ రుణం ఉంచుకోను తమ్ముడూ."

"రుణం కాదు, బొగ్గులు నావని చెప్పాలె, గంతే."

శుక్రవారం మధ్యాహ్నం రెస్టారెంటు మూసి, వెనక గదిలో బొగ్గులు నిప్పు చేసి, మంటా పొగా పోయాక మీద బూడిద కప్పాం. ముందు ఖాళీ మోడాని సెగకి పెట్టి దాని గడ్డి వాసన పోగొట్టాం. ఖాళీ జల్లెడ మీద చెయ్యి పెట్టి చూశాను. చెయ్యి ఉంచగలగాలి, కానీ ఉంచాలనిపించకూడదు. బ్యారన్‌లో వేడిని మా మావయ్య అలాగే చూసేవాడు. ఆకు పరిచాం. మధ్యలో మోడాని పక్కకి దింపి కలిపేవాణ్ణి. బొగ్గుల మీద కలిపితే రాలిన నూక పడి పొగ లేస్తుంది, ఆ పొగ ఆకుకి పడుతుంది. ముందు గోనె వాసన ఆవిరితో పాటు లేచింది. అది పోయింది. చాలాసేపటికి పేలాలు వేగుతున్న కమ్మటి వాసన వచ్చింది. గోళీకి అంటుకున్న కాడని గోటితో విరిచాను. పుటుక్కుమంది. పొగాకులోనూ అంతే, ఈనె విరిగితేనే ఆరినట్టు. ముదీర్ మొహం వెలిగిపోయింది. ఆయన కాసేపు నడుం వాల్చడానికి మేడపైకి వెళ్ళాడు.

నేను మేస్త్రీలా నిలబడి, మా మావయ్య తరవాత ఏం చేసేవాడో గుర్తు చేసుకున్నాను. ఆకు ఎండాక బ్యారన్ తలుపులు బార్లా తెరిచేవాడు. బయటి తేమకి ఆకు మెత్తబడాలి, పదును పట్టాలి. లేకపోతే ముట్టుకుంటే పొడైపోతుంది. నేనూ అలాగే చేశాను. తెల్ల దుప్పటి పరిచి, టీ ఆరబోసి, క్రీక్ వైపు తలుపు బార్లా తెరిచాను. ఉప్పుగాలి హాయిగా వచ్చింది.

ముదీర్ దిగొచ్చి ఆ దుప్పటి చూసి చైనా భాషలో ఏదో అరిచాడు. తలుపు దబ్బున వేశాడు. చిటికెడు తీసి మూతలో వేశాడు. మళ్ళీ తడి శనగలు.

"క్యూఁ ఖోలా? ఎందుకు తెరిచావు?"

"ఆకు మెత్తబడాలి కదా ముదీర్..."

"టీ మెత్తబడాలా! నువ్వు మాస్టర్ అన్నావు!"

ఇంక దాచి లాభం లేదు. "మాస్టర్ మా మావయ్య. నేను పొయ్యిలోకి కట్టెలు తోసేవాణ్ణి. అదీ రెండు సీజన్లు," అన్నాను.

ముదీర్ బోర్లించిన నూనె డబ్బా మీద కూలబడ్డాడు. ఉద్యోగం పోయిందనుకున్నాను. కాసేపటికి ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తున్నాడనుకుని దగ్గరికి వెళితే నవ్వుతున్నాడు.

"నేను ఆ తాతకి ఆన్‌షీలో తోటలున్నాయని చెప్పాను. ఆన్‌షీ వదిలింది మా తాత. నేను పుట్టింది హాంకాంగ్ చేపల బజారు వెనక. తేయాకు చెట్టుని నేను బొమ్మలో చూశాను."

వెనక గదిలో ఇద్దరం అబద్ధాలకోరులం, మధ్యన ఒక దుప్పటి మీద ఆకు. ముగ్గురిలో నిజం చెబుతున్నది అదొక్కటే. ఎండితే ఎండానంటుంది, తడిస్తే తడిశానంటుంది.

నిప్పు ఇంకా ఉంది. మళ్ళీ మొదలుపెట్టాం, ఈసారి ఎవరి వంశం గురించీ గొప్పలు లేకుండా. ఆయనకి ఎలా ఉండాలో తెలుసు, ఎలా చెయ్యాలో తెలియదు. నాకు వేడి తెలుసు, ఎక్కడ ఆపాలో తెలియదు. నేను చెయ్యి జల్లెడ మీద ఉంచితే, ఆయన ముక్కు మూత మీద ఉంచాడు. బూడిద ఇంకొంచెం కప్పు అన్నాడు, కప్పాను. "రెండోసారి సెగ కదా, మాడితే ప్రమాదం," అన్నాడు. మాడిన ఊలాంగ్ నీళ్ళల్లో విచ్చుకోదట. ముడుచుకున్న పిడికిలిలా అలాగే ఉండిపోతుంది. అంచూ నడుమూ ఏదీ కనబడదు.

ఆయన "బస్" అన్నాడు. దింపాం. రెండు తలుపులూ మూసే ఉంచి, చల్లారగానే డబ్బాలో పోసి, మూత చుట్టూ మైనం కరిగించి పోసి, బియ్యం డ్రమ్ములో లోతుగా పాతిపెట్టాం. అంతకుముందు ఒక్క కప్పు కాచుకుని చూశాం. పువ్వు లేదు, తీపి లేదు, నోటినిండా నిప్పు. "కొత్త సెగ ఇలాగే ఉంటుందంటారు. నిప్పు నిదానంగా చల్లారాలి, అప్పుడు వెనకున్నది బయటికొస్తుంది," అన్నాడు ముదీర్. అంటారు అన్నాడే కానీ నాకు తెలుసు అనలేదు. ఆకు విచ్చుకుందో లేదో చూద్దామని గిన్నెలో వెతికాను. ఆయనే నా చెయ్యి పట్టుకుని ఆపేశాడు. "చూడొద్దు. నిద్ర పట్టదు." ఇంక ఆ డబ్బా తెరవడానికి లేదు. తెరిస్తే మళ్ళీ తేమ.

తాతగారు వచ్చిన రోజు నేను బల్ల దగ్గర ఆయన పక్కనే కూర్చున్నాను. రూములో అలాగే చెప్పాను. నిజానికి కౌంటరు వెనక కెటిల్ పట్టుకుని నించున్నాను. ఆయన సన్నగా, ఎండుకొబ్బరి చిప్పలా గట్టిగా ఉన్నాడు. మనవరాలు తల దించుకుని లేదు, హాలంతా చూస్తోంది. కొడుకు మాత్రం తల దించుకున్నాడు. ముదీర్ డబ్బా తెచ్చి పెట్టాడు. పెద్దాయనే మైనం గీరి మూత తెరిచాడు. చిటికెడు తీసి మూతలో వేశాడు.

టంగుమంది. తొంగిచూడబోయి కెటిల్ వంచేశాను, నాలుగు చుక్కలు చేతిమీద పడ్డాయి.

మొదటి నీళ్ళు ఒంపేశాడు. రెండోసారి పోయించి, వాసన చూసి, తాగి, ముదీర్ వైపు చూసి ఏదో అన్నాడు. ముదీర్ చెవులు ఎర్రబడ్డాయి. "నేను పంపింది ఇలా లేదు" అన్నాడని ముదీర్ నాకు తరవాత చెప్పాడు. ముదీర్ తల వంచుకుని చాలాసేపు మాట్లాడాడు. మధ్యలో ఒకసారి నా వైపు, ఒకసారి వెనక గది వైపు చెయ్యి చూపించాడు. తోటలు లేవన్న మాట కూడా చెప్పేశాడని ఆయన మొహంలోనే తెలిసింది. పెద్దాయన విని, ఖాళీ కప్పు చూపించాడు. నేను నీళ్ళు పోశాను. మూడో కప్పు. నాలుగో కప్పు. ఆయన కళ్ళు మూసుకుని మెల్లగా గుటక వేశాడు. టీ వచ్చేదాకా ఆగుతున్నాడని నాకు తెలిసింది. ఆ హాల్లో ఆ సంగతి తెలిసినవాడు పెద్దాయనా ముదీరూ కాక నేనొక్కణ్ణే.

అప్పుడు గిన్నె ఎత్తి ఆకంతా తెల్లప్లేటులో బోర్లించాడు. గోటితో ఒక్కొక్కదాన్నే కదిపాడు. మొదటిది విచ్చుకోలేదు, పక్కకి నెట్టాడు. రెండోదీ అంతే. ముదీర్ నన్ను చూశాడు, నేను కెటిల్‌ని చూశాను. మూడోది ఆయన గోరు తగలగానే మెత్తగా తెరుచుకుంది. నడుమ పాచిరంగు పచ్చ, చుట్టూ ఎర్ర అంచు. నాలుగోది తెరుచుకుంది. తరవాతవి ఆయన ముట్టుకోకముందే తెరుచుకునే ఉన్నాయి. మాడినవి ఏ కొన్నో ప్లేటు అంచుకి చేరాయి, మిగతా ప్లేటంతా ఆకులు పరుచుకున్నాయి.

పెద్దాయన ఒకే ఒక్క ముక్క అన్నాడు. మనవరాలు నవ్వి, గిన్నె తన ముందుకి జరుపుకుంది. కొత్త ఆకు వేసి, నా చేతిలోంచి కెటిల్ తీసుకుని, నీళ్ళు పోసి, మొదటి కప్పు రెండు చేతులతో మా ముదీర్‌కి అందించింది. మనలో తాంబూలాలు పుచ్చుకోవడం ఎలాంటిదో అది అలాంటిది. ముదీర్ ఆ కప్పు పట్టుకుని తాగడం మర్చిపోయాడు.

పెద్దాయన లేచి నన్ను కౌగలించుకున్నాడు. అబ్బే, లేవలేదు. నా వైపు ఒకసారి తల ఆడించాడు, అంతే. కానీ ఆ తల ఊరికే ఆడే తల కాదు.

ఆయన అన్న ఆ ఒక్క ముక్క ఏమిటని అడిగితే ముదీర్ "అచ్ఛా హాథ్" అన్నాడు. మంచి చెయ్యి అని. ఒక ముక్కని ఆయన రెండు ముక్కలు చేశాడు. నేను రూముకి వెళ్ళి దాన్ని పురాణం చేశాను. పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడనీ, హాంకాంగ్ రమ్మన్నాడనీ, తన అంగడి తాళాలు చూపించాడనీ చెప్పుకుంటూ పోతుంటే మా తమ్ముడు మంచం మీంచి లేచి కూర్చున్నాడు.

"గవన్నీ ఇడిశిపెట్టన్నా. లగ్గం ఖాయమైందా లేదా, గది చెప్పు!"

"ఖాయమైందిరా!"

వాడు ఎగిరి గంతేశాడు. లుంగీ బిగించుకుని, తలుపు తీసుకుని వరండాలోకి పరిగెత్తి, పక్క రూములవాళ్ళందరినీ పిలిచి చెప్పడం మొదలుపెట్టాడు:

"అరే, యల్లా, రాండ్రి అందరు! చీనోని లగ్గం ఎవరి బొగ్గులతోని కుదిరిందో ఎరుకనా మీకు?"